సూదికి ముందు ప్రసాదం

అది కాదే అమ్మడూ, తప్పు మీ అక్క గంగాదేవి ఒక్కదానిదే అయితే నేనూ ఒప్పుకునేవాణ్ణి. అంతంత చదువులు చదివినవాళ్ళూ, మన పల్లెపాలెం నుంచి వ్యానెక్కి వెళ్ళినవాళ్ళూ, అందరూ కలిసి చేసిన తప్పు అది. కలం పట్టుకో. మీ తాత నెమ్మదిగానే చెప్తాడులే.

బెజవాడ దాటి గన్నవరం వెళ్ళే దారిలో ఆ యూనివర్సిటీ ఉంది. అందులో షుగర్ జబ్బు మీద పరిశోధన చేసే ల్యాబ్ ఒకటి. మీ అక్క అక్కడే పీహెచ్‌డీ చేస్తోంది. షుగర్ వస్తే కాళ్ళెలా పోతాయో, కళ్ళెలా పోతాయో ఆ గోడల నిండా రంగురంగుల బొమ్మలు. ఆ బొమ్మల కిందే ఒక బల్ల, బల్ల మీద ఎప్పుడూ ఒక స్వీటు డబ్బా. ఎవరి పేపరు అచ్చయినా, ఎవరింట్లో పిల్ల పుట్టినా, చెడిపోయిన ఫ్రిజ్ బాగుపడినా డబ్బా రావాల్సిందే. పై అంతస్తులో ఎలుకలున్నాయి. వాటికి మాత్రం గింజ గింజ తూచి పెడతారు. "మా ల్యాబ్‌లో పథ్యం చేసేది ఎలుకలొక్కటే" అని మీ అక్క ఫోనులో చెప్పి నవ్వేది.

ల్యాబ్‌కి పెద్ద శ్రీరామచంద్రమూర్తి గారు. నుదుట కుంకుమ లేకుండా గడప దాటని మనిషి. మంచివాడే. ఆయనకున్న జబ్బల్లా ఒకటే, ఏ అంకె కాస్త తేడాగా కనపడినా "అమ్మా, ఇది చరిత్ర!" అని కుర్చీలోంచి లేచిపోతాడు. చరిత్ర అలా చాలాసార్లు ఆ ల్యాబ్‌కి వచ్చింది. మిషను వైరు సరిగ్గా గుచ్చగానే వెళ్ళిపోయింది. ఆయన కింద ఉదయభాస్కర్ అని ఒక కుర్రాయన, మీ అక్క కంటే పై చదువు. మనుషులు చెప్పింది నమ్మడు, కంప్యూటర్ చెప్పింది కాదనడు. రక్తం తీసే పిల్ల క్రిస్టినా. ఆటోనగర్‌లో వాళ్ళ నాన్న లారీ టైర్లకి పంచర్లు అతుకుతాడు, ఈ పిల్ల మనుషులకి పంచర్లు పెడుతుంది. కానీ చెయ్యి ఎంత తేలికంటే, సూది బయటికొచ్చాక "ఇంకా పొడవలేదా అమ్మా" అని అడిగినవాళ్ళున్నారు.

మీ అక్క చదువుకి రెండు జట్ల మనుషులు కావాలి. ఒక జట్టు వన్ టౌన్ హోల్‌సేల్ కొట్లలో పొద్దస్తమానం గల్లాపెట్టె ముందు కూర్చునేవాళ్ళు. ఇంకో జట్టు ఒళ్ళొంచి వల లాగే ఆరోగ్యవంతులు. ఇద్దరి రక్తానికీ తేడా ఎక్కడుందో చూడాలి. "మా ఊరివాళ్ళని తెస్తానండి. ఉక్కుముక్కల్లాంటి మనుషులు" అని మీ అక్క మాటిచ్చేసింది. ఆ యేడు దాటితే ఆమెకిచ్చిన గడువు అయిపోతుంది. అదీ తొందర.

ఊళ్ళో ఎవరూ ఒప్పుకోలేదు. అలని చూసి బెదరనివాళ్ళు సూదిని చూసి ఇళ్ళల్లో దూరారు. మన పాలెం కోటి అయితే, "సముద్రం తాగింది చాలదా, యూనివర్సిటీ కూడా తాగాలా మా రక్తం?" అన్నాడు. చివరికి మీ నాయనమ్మ సన్యాసమ్మే నడుం కట్టింది.

"మన పిల్ల అడిగింది. వెళ్దాం. కానీ గంగమ్మతల్లికి పెట్టుకోకుండా మాత్రం కాదు."

నీకు తెలిసిందే అయినా రాయి, చదివేవాళ్ళకి తెలియాలిగా. మన పడవల్లో వల నీళ్ళలో పడేముందు, గంగమ్మకి పెట్టిన ప్రసాదం నోట్లో పడాలి. ఇంటి దగ్గర కాదు, ఒడ్డున కాదు, వల మీద చెయ్యి వెయ్యబోయే ముందు. అది ఆకలి కోసం కాదు. ఆకలికి తర్వాత చద్దన్నం మూట వేరే విప్పుతారు. వలకి ఏ మర్యాదో సూదికీ ఆ మర్యాదే అని మీ నాయనమ్మ తీర్మానించింది.

మీ అక్క ముందురోజే వచ్చి ఇంటింటికీ తిరిగి చెప్పింది. "రేపు పరగడుపున రావాలి. మంచినీళ్ళు తప్ప ఏమీ నోట్లో పెట్టకూడదు. పెడితే లెక్క పాడవుద్ది." అందరూ మాట మీద నిలబడ్డారు. కోటి టీ మానేశాడు, బీడీ కూడా మానేశాడు. ఇంతకంటే త్యాగం వాడి వంశంలో ఎవరూ చెయ్యలేదు.

వ్యాను కంకిపాడు దాటాక మీ నాయనమ్మ స్టీలు బకెట్ మూత తీసింది. చక్కెర పొంగలి. నెయ్యి వాసనకి డ్రైవరు కూడా వెనక్కి తిరిగాడు. దొప్పలో ఇంతింత పెట్టి అందరికీ అందించింది. అందరూ కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నారు. మీ అక్క కూడా వేసుకుని, చెయ్యి జుట్టుకి రాసుకుని, కాగితాలు సర్దుకోవడంలో పడింది.

వేసుకోనివాడు ఒక్కడే, ఇశ్రాయేలు. చర్చికెళ్ళే మనిషి. ప్రసాదం పెడితే వద్దనడు, తిననూ తినడు. దొప్ప మర్యాదగా అందుకుని పక్కనున్న కోటి చేతిలో పెట్టేస్తాడు. ఇద్దరిదీ ఒకటే పడవ, ఎన్నో యేళ్ళుగా ఇద్దరి మధ్యా అదే ఒప్పందం.

"మీ దేవుడు చల్లనోడు బావా. నాకు రెండు వాటాలు ఇప్పిస్తన్నాడు" అన్నాడు కోటి, రెండో దొప్ప నాకేసి.

ల్యాబ్‌లో ఉదయభాస్కర్ ఒక్కొక్కర్నీ కూర్చోబెట్టి అడిగాడు.

"పొద్దుట్నుంచి ఏమన్నా తిన్నారా?"

"లేదండి."

"టీ, కాఫీ?"

"మా గంగాదేవి మీద ఒట్టండి, టీ చుక్క ముట్టలేదు."

ఆయన మీ అక్క వైపు చూశాడు. "మావాళ్ళు అబద్ధం చెప్పరండి" అంది మీ అక్క. నిజంగానే చెప్పలేదు.

ఇంతలో సూదుల పళ్ళెం కనపడేసరికి మనవాళ్ళు గుమ్మం వైపు జరగడం మొదలెట్టారు. శ్రీరామచంద్రమూర్తి గారు అది చూసి, "భయపడకండయ్యా, ముందు నాది తీయించుకుంటాను. నేనూ ఆరోగ్యవంతుణ్ణే, లెక్కలో వేసెయ్యండి" అని చొక్కా చెయ్యి మడిచాడు. మీ నాయనమ్మకి ముచ్చటేసింది. బకెట్ అడుగున మిగిలింది తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన కళ్ళకద్దుకుని మింగి, ఇంకొంచెం పెట్టించుకుని, క్రిస్టినా గొట్టాలకి పేర్లు అంటించే అరగంటా కబుర్లు చెప్పి, చెయ్యి చాచాడు. క్రిస్టినాకీ పెట్టబోయింది. "నాకొద్దు మామ్మగారూ" అని ఆ పిల్ల నవ్వి, కోటి చెయ్యి అందుకుంది. ఆ వేళ్ళు నెయ్యితో మెరుస్తున్నాయి. ఒక్క క్షణం చూసి, దూది అందుకుంది.

మీ నాయనమ్మ మాత్రం రక్తం ఇవ్వలేదు. "నేను పెట్టేదాన్నే కానీ పొడిపించుకునేదాన్ని కాదు" అని బకెట్ కడుక్కుంది.

లెక్కలొచ్చాయి. పరగడుపున తొంభై దగ్గర ఉండాల్సిన షుగరు మనవాళ్ళకి నూట యాభై, నూట అరవై. కోటిది అందరికంటే పైన. విచిత్రమేంటంటే, గడిచిన మూడు నెలల షుగరు ఎలా ఉందో చెప్పే టెస్టు ఇంకోటుంది, అందులో మాత్రం అందరూ శుభ్రంగా ఉన్నారు. ఏ పుస్తకంలోనూ లేని సంగతి. ఉదయభాస్కర్ మిషను విప్పి చూశాడు, మళ్ళీ బిగించాడు. వైరు బాగానే ఉంది.

"అమ్మా, ఇది చరిత్ర!" అన్నాడు పెద్దాయన. ఈసారి కుర్చీ వెనక్కి పడిపోయింది.

చరిత్ర మధ్యలో ఇశ్రాయేలు నిలబడ్డాడు. ఊరందరికీ ఎక్కువుంటే అతనికొక్కడికే మామూలుగా ఉంది. ఒకే పడవ, ఒకే నీళ్ళు, ఒకే చేపల పులుసు. పక్కనే కూర్చునే కోటికి ఆకాశమంత, ఇతనికి నేలంత. అంటే ఇతని రక్తంలో జబ్బుని ఆపే శక్తి ఏదో ఉందని పెద్దాయన తేల్చేశాడు. ఇంకేముంది, ఇశ్రాయేలుకి ఏసీ కారు వచ్చింది. మెత్తటి కుర్చీ వేశారు. వచ్చినప్పుడల్లా ఇంకో రెండు గొట్టాలు రక్తం తీశారు.

"వీళ్ళ వరస చూస్తే నన్ను డబ్బాల్లో పోసి అమ్మేలా ఉన్నారమ్మా గంగా" అని మొత్తుకున్నాడు ఇశ్రాయేలు.

కోటి గతి వేరు. వాడి పెళ్ళాం పొద్దున కాకరకాయ రసం, సాయంత్రం మెంతుల నీళ్ళు పట్టించేది. "నా బతుకు చేదైపోయింది వదినా" అని మీ నాయనమ్మ దగ్గర ఏడ్చాడు. ఆవిడ జాలిపడి వాడికి బెల్లం ముక్క పెట్టింది.

ఇంతవరకూ నవ్వులాటే. తర్వాతే మీ అక్కకి నిద్ర పట్టలేదు. ఢిల్లీ నుంచీ చెన్నై నుంచీ పెద్ద పెద్ద డాక్టర్లు వచ్చే మీటింగు పెట్టారు. అక్కడ తెరమీద చూపించే మొదటి బొమ్మ ఉదయభాస్కర్ తయారుచేశాడు. ఇంత లావు అక్షరాలు, "పల్లెపాలెం డయాబెటిస్".

"సార్, జబ్బుకి మా ఊరి పేరెందుకండీ?" అని పెద్దాయన్ని అడిగింది మీ అక్క.

"పిచ్చిదానా, ప్రపంచంలో ప్రతి డాక్టరూ మీ ఊరి పేరు పలుకుతాడు. ఇంతకంటే గౌరవం ఏముంటుందమ్మా?"

ఆ గౌరవం అప్పటికే బందరు చేపల మార్కెట్‌కి చేరింది. "మీ ఊరి చేపల్లో కూడా షుగరుందంటగా, రేటు తగ్గించండి" అని బేరగాళ్ళు ఎగతాళి. ఒక్కసారి ఆ పేరు తెరమీద పడితే ఇక ఊరికి మచ్చ పోదు. ఆ మచ్చ తెచ్చింది మీ అక్కే. తన చదువు కోసం తనే తీసుకెళ్ళింది వాళ్ళని. ఇంతా చేసి జబ్బు నిజమో కాదో చెప్పడానికి ఆమె దగ్గర ఏ ఆధారమూ లేదు. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది పని.

మీటింగు రోజు ఇశ్రాయేలునీ కోటినీ రమ్మన్నారు. అందరి ముందూ చూపించి, మళ్ళీ రక్తం తీస్తారట. మీ నాయనమ్మ తోడు బయల్దేరింది. ఏసీ కారు డాక్టర్ల కోసం వెళ్ళడంతో మీ అక్క బస్‌స్టాండ్‌లో వాళ్ళని ఆటో ఎక్కించుకుంది. ఏలూరు రోడ్డు మీద ఆటో ఆగీ ఆగీ వెళ్తుంటే, మీ నాయనమ్మ సంచిలోంచి డబ్బా తీసింది.

మీ అక్క చెయ్యి దానంతటదే చాచుకుంది. ఇంత పొంగలి చేతిలో పడింది. కళ్ళకద్దుకుని నోటి దాకా తెచ్చింది. ఎదురుగా ఇశ్రాయేలు తన వాటా కోటి చేతిలో పెడుతున్నాడు. కోటి రెండూ కలిపి మింగుతున్నాడు.

మీ అక్క చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది.

"నాయనమ్మా, ఆ రోజు వ్యానులో కూడా పెట్టావు కదూ?"

"పెట్టకుండా మనవాళ్ళని పొడవనిస్తానటే?"

"అందరూ తిన్నారా?"

"తినడమేంటే? తిండెవరు పెట్టారు? ప్రసాదం పుచ్చుకున్నారు."

"నేనూ పుచ్చుకున్నానా?"

"పుచ్చుకోకేం? బాగుంది, ఇంకొంచెం పెట్టు నాయనమ్మా అన్నావు."

"మింగెయ్యమ్మా గంగా, కారిపోతంది" అన్నాడు కోటి.

మీ అక్క మింగలేదు. కోటికీ ఇవ్వలేదు. అరచేతిలో పొంగలి అలాగే పట్టుకుని ల్యాబ్ మెట్లెక్కింది.

మొదట క్రిస్టినా కనపడింది. మీ అక్క చెయ్యి చూపించింది. ఆ పిల్ల మొహం పక్కకి తిప్పుకుంది.

"నీకు ముందే తెలుసా?"

"వేళ్ళకి నెయ్యి చూశాను అక్కా. నేనేమన్నా అంటే, ఈ పిల్లకి మన ప్రసాదం మీద ఏడుపు అంటారని నోరు మూసుకున్నాను. అయినా మీరంతా అంత చదువుకున్నారు, అది తిండి కాదని మీకేదో లెక్క ఉందేమో అనుకున్నా."

ఉదయభాస్కర్ విని గోడకి ఆనుకున్నాడు. "ఇప్పుడు చెప్పకు గంగాదేవీ. హాల్లో అందరూ కూర్చున్నారు. మీటింగ్ అవనివ్వు, తర్వాత నెమ్మదిగా సరిచేద్దాం. ఇప్పుడు చెబితే మొదట పోయేది నీ పీహెచ్‌డీ."

"తర్వాత పేరు చెరిపెయ్యగలరా మీ కంప్యూటర్‌తో?" అంది మీ అక్క. ఆమె పెద్దాయన గదిలోకి వెళ్ళింది.

ఆయన అద్దం ముందు నిలబడి ఉపన్యాసం వల్లె వేసుకుంటున్నాడు.

"సార్, ఆ రోజు మావాళ్ళు పరగడుపున లేరండి."

"అదేంటమ్మా? నువ్వేగా హామీ ఇచ్చావు?"

"నేనేనండి. సూదికి ముందు అందరూ పొంగలి తిన్నారు. నేనూ తిన్నాను. ఇశ్రాయేలు ఒక్కడే తిన్లేదు. అతని వాటా కోటి తిన్నాడు. అంతేనండి మన చరిత్ర."

"ఏ హోటల్లో?"

"హోటల్లో కాదండి. మా నాయనమ్మ పెట్టిన గంగమ్మ ప్రసాదం."

"ఓస్, ప్రసాదమా! హడలగొట్టావు కదమ్మా. ప్రసాదం తింటే ఏమవుతుంది? అదేమన్నా తిండా..."

తన మాట తన చెవినే పడింది. మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు.

"నాకూ పెట్టింది కదూ ఆవిడ?"

"పెట్టిందండి."

"బాగుందని రెండోసారి నేనే అడిగాను" అన్నాడు చిన్నగా. అని సొరుగు లాగాడు. లోపల ఒక సీసా, సీసాలో పచ్చటి కాకరకాయ రసం. మూత తీయగానే గదంతా కోటి ఇంటి వాసన.

అసలు సంగతేంటంటే, ఆ రోజు ఆయన షుగరు కూడా ఎక్కువే వచ్చింది. ఆ అంకె ఎవరికీ చూపించొద్దని ఉదయభాస్కర్ నోరు కట్టేశాడు. అప్పట్నుంచీ దొంగచాటుగా కాకరరసం తాగుతూ, స్వీటు డబ్బా వైపు చూడకుండా, లోలోపల కుమిలిపోతున్నాడు. షుగర్ ల్యాబ్ పెద్దకి షుగరని నలుగురూ నవ్వుతారని భయం. రావడమంటూ వస్తే నలుగురికీ వచ్చే మామూలు షుగరు కాకుండా, పేరున్న కొత్త జబ్బైతే కాస్త పరువుగా ఉంటుందని ఆయన ఆశ. మన ఊరి పేరు అందుకే అంత ముద్దొచ్చింది.

"అంటే... నాకు షుగరు లేదా?"

"ఇప్పుడు చూద్దామండి. పొద్దుట్నుంచి ఏమన్నా తిన్నారా?"

"ఉపన్యాసం భయానికి మంచినీళ్ళు కూడా దిగలేదమ్మా."

"ప్రసాదం?"

"ప్రసాదం కూడా లేదు తల్లీ!"

క్రిస్టినా వచ్చి వేలు పొడిచింది. "తొంభై రెండు సార్" అంది. పెద్దాయన లేచి, చరిత్రకి కూడా ఎప్పుడూ వెయ్యనంత గట్టిగా కేక వేసి, బల్ల మీది డబ్బాలోంచి పూతరేకు ఒకటి అందుకుని కాగితంతో సహా కొరికాడు.

"మరి హాల్లో వాళ్ళకి ఏం చెప్తారండీ?" అన్నాడు ఉదయభాస్కర్.

పూతరేకు నోట్లో ఆగింది. ఆయన మీ అక్క వైపు చూశాడు. "నువ్వే చెప్పమ్మా. నేను పక్కన నిలబడతాను. కాకరరసం సంగతి మాత్రం చెప్పకు."

తెరమీద ఏమీ లేదు. ఉత్త తెల్లటి వెలుగు. మీ అక్క దాని ముందు నిలబడి మొత్తం చెప్పింది. వ్యాను, బకెట్, కోటి రెండు వాటాలు. "నేను కూడా తిన్నాను. తిన్నట్టు నాకు తెలియలేదు. మా ఊరికి ఏ జబ్బూ లేదు, తప్పు నా పరీక్షది" అంది. చదువు ఆ క్షణంలోనే పోయిందనుకుంది.

ముందు వరసలో చెన్నై నుంచి వచ్చిన ముసలి డాక్టరు, నుదుట విభూతి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మా దగ్గర పాతికేళ్ళుగా పరగడుపు పరీక్షలు చేస్తున్నాం. గుడికెళ్ళి వచ్చారా అని ఎవర్నీ ఎప్పుడూ అడగలేదు" అన్నాడు. పక్కావిడ కలం ఆపేసింది. అక్కణ్ణుంచి ఒక్కొక్కరూ తమ తమ లెక్కలు గుర్తుచేసుకుంటున్నట్టు మొహాలు పెట్టారు. ఎవరో నవ్వారు. ఇక ఆ నవ్వు ఆగలేదు.

మీ అక్క చదువు పోలేదు. గడువు పెంచి, అందరికీ మళ్ళీ పరీక్ష చేసి తీరాలన్నారు. చావు తప్పి కన్ను లొట్టపోయిందంటే ఇదే.

రెండోసారి మీ నాయనమ్మ అడ్డం తిరిగింది. "సూది తర్వాత ప్రసాదమా? వల వేశాక మొక్కేవాణ్ణి ఎక్కడన్నా చూశావా?" అంది. చివరికి గంగమ్మ దగ్గరే రాజీ కుదిరింది. ప్రసాదం వ్యానులో వస్తుంది, తల్లి చూస్తూ ఉంటుంది, కానీ చివరి సూది అయ్యేదాకా మూత తీయరు. బకెట్ ఎవరి ఒళ్ళో పెట్టాలనే దగ్గర ఎవరికీ ఎవరి మీదా నమ్మకం లేదు. ఇశ్రాయేలు ఒళ్ళో పెట్టారు. అతను బైబిలు పట్టుకున్నంత జాగ్రత్తగా దాన్ని పట్టుకుని కూర్చున్నాడు. కోటి దారంతా దాని మూత వైపే చూస్తూ వచ్చాడు.

ఈసారి మీ అక్క పట్టుబట్టి మీ నాయనమ్మ చేత కూడా ఇప్పించింది. అందరికీ మామూలే. కోటికి మామూలే, ఆ సాయంత్రమే వాడు కాకర పాదు పీకేశాడు. ఇశ్రాయేలుకీ మామూలే, ఇక ఏసీ కారు రాలేదని కాస్త దిగులుపడ్డాడు. ఒక్కరికే రెండు వందలు దాటింది. మూడు నెలల టెస్టు కూడా అదే చెప్పింది. అది ఎవరో నీకు తెలుసు. "బకెట్ వాసనకి పెరిగుంటది" అని మాత్రలు బియ్యం డబ్బాలో పారేసి, బందరులో వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళి కూర్చుంది.

ఇదంతా అందుకే రాయించాను. రేపు బస్సెక్కి వెళ్ళి మీ నాయనమ్మని ఎదురుగా కూర్చోబెట్టి చదువు. మధ్యలో లేస్తే కొంగు పట్టుకో. మాత్రలు సంచిలో పెట్టాను. మందులంటే ఇష్టం లేకపోతే మందని అనుకోవద్దని చెప్పు. గంగమ్మ ముందు పెట్టి, కళ్ళకద్దుకుని పుచ్చుకోమను. అది తిండి కాదుగా.